సంగీత ప్రసంగము: దూరపు పల్లెకొక కీర్తన



మన యిండ్లలో హార్మోనియము నెరుగనివా రరుదు. భజనలకును, బాలికల తొలి సరళీ వరుసలకును, పద్యనాటకములకును అది యెంతో కాలముగ మనకు తోడై యున్నది. అయినను దాని పుట్టినిల్లు మన దేశము కాదు. 1840 ప్రాంతమున నది పారిస్ నగరమున రూపొందెను. కాలితో త్రొక్కి వాయించు నా పెట్టెను, చేతితో తిత్తి నాడించుచు నేలపై కూర్చుండి వాయించుకొనుటకు వీలుగా, 19వ శతాబ్ది యుత్తరార్ధమున కలకత్తాలో మార్చి చేసిరి. పరాయి యింట పుట్టిన పిల్ల మెట్టినింట దీపము పెట్టినట్లు అది మన గదులలో స్థిరపడినది.

ఇంచుమించుగ నా దశాబ్దముననే జర్మనీ దేశమున మరియొక తిత్తి పెట్టె పుట్టెను. అది తూర్పునకు గాక పడమటికి పోయినది. సముద్రము దాటి దక్షిణ అమెరికా ఖండమున అర్జెంటీనా దేశము చేరి, అచ్చటి వలసజనుల గుండె గొంతుక యైనది. దాని పేరు బాండోనియాన్. ఆ వాద్యమును, సామాన్యమైన గిటారును, నిలువెత్తు డబుల్ బాస్‌ను కూర్చి, టాంగో వాసనగల జాజ్ సంగీతమును వాయించిన ముగ్గురి మేళమొకటి గలదు. దీనో సలూజీ అను నాతడందు పెద్ద. ఈ నెల ఆ మేళమును గూర్చి ముచ్చటింతము. వాద్యమును తెలిసికొననిదే మేళము తెలియదు గనుక ముందుగా పెట్టెను విప్పి చూతము.

బాండోనియాన్ చూచుటకు చిన్న చదరపు పెట్టె. రెండు కొనలను చెక్క గూళ్లు, నడుమ మడతలు మడతలుగా తిత్తి. వాదకుడు కుర్చీలో కూర్చుండి, దానిని మోకాళ్లపై నుంచుకొని, రెండు చేతులతో తెరచుచు మూయుచు వాయించును. హార్మోనియమునందు వలెనే లోపల లోహపు పలుచని నాలుకలుండును. గాలి తగిలి అవి కంపించుటయే నాదము. కాని హార్మోనియపు మెట్లు మన కన్నుల యెదుట వరుసగా నుండును. ఇందు మెట్లు లేవు, గుండీలు గలవు. అర్జెంటీనాలో వాడుకైన వాద్యమున కుడిచేతికి 38, ఎడమచేతికి 33, వెరసి 71 గుండీలు. ఇందొక చిత్రము గలదు. తిత్తిని తెరచునపుడొక స్వరము పలికిన గుండీయే మూయునపుడు, కొన్నిటి విషయమున తప్ప, వేరొక స్వరమును పలుకును. కావున 71 గుండీలకు 142 పలుకులని లెక్క.

ఆ గుండీలైనను స రి గ మ ల వరుసలో నున్నవా యనిన, అదియును లేదు. అప్పటప్పట తోచినట్లు చేర్చుకొనుచు పోయినందున వాని యమరిక చిక్కుముడివలె నున్నది. కుడిచేతి కొకటి, ఎడమచేతి కొకటి, తెరచునపుడు రెండు, మూయునపుడు రెండు, ఇట్లు నాలుగు పటములను సాధకుడు మనస్సున నిలుపుకొనవలెను. గుండీలు పెట్టె ప్రక్కల నుండుటచే కన్ను సాయము చేయదు. వ్రేళ్ల జ్ఞాపకమే దిక్కు. ఇంత కష్టమైన వాద్యమును నేర్చిన వారు దానిని విడువలేకపోవుట చిత్రముగ తోచవచ్చును. మన తల్లులు వీణ తంత్రులపై వ్రేళ్లు కాయలు కాచినను విడువనట్లే యనుకొందము.

దీని కథ 1834లో మొదలగును. ఆ సంవత్సరమున జర్మనీలోని కెమ్నిట్జ్ పట్టణమున కార్ల్ ఫ్రెడ్రిక్ ఊలిగ్ అనునాతడు కాన్సర్టినా యను చిన్న తిత్తి వాద్యమును చేసెను. దానిని చూచి, క్రెఫెల్డ్ నగరమున సంగీత వాద్యముల వర్తకుడైన హైన్రిక్ బాండ్ 1840 తరువాతి యేండ్లలో మరిన్ని స్వరములు గల పెట్టెను వ్యాపారమునకు దెచ్చెను. అతని యింటి పేరే వాద్యమునకు పేరైనది. శ్రామికుల సంగీత సంఘములలోను, పెద్ద ఆర్గన్ కొనజాలని ప్రార్థన సమాజములలోను దీనిని వాడుకొనిరి. సాక్సనీ కొండలలోని కార్ల్స్‌ఫెల్డ్ అను చిన్న యూరిలో నిది గృహపరిశ్రమవలె పెంపొందెను. ఆ యూరి ఆర్నాల్డ్ కుటుంబమువారి వాద్యములు, ముఖ్యముగ ఆల్ఫ్రెడ్ ఆర్నాల్డ్ పేరిట వెలువడినవి, నేటికిని వాదకులకు బంగారముతో సమానము.

ఇక నా పెట్టెలు ఓడలెక్కిన కాలమున అర్జెంటీనా యెట్లుండెనో చూడుడు. ఇటలీ, స్పెయిన్ మొదలగు దేశముల నుండి బీదవారు పని వెదకికొనుచు లక్షల సంఖ్యలో నచ్చటికి వచ్చుచుండిరి. 1914 జనాభా లెక్కల నాటికి ఆ దేశమున పదిమందిలో ముగ్గురు పరదేశములందు పుట్టినవారే. రాజధాని యైన బ్యూనస్ ఎయిర్స్ నగరమున నైతే సగమునకు సగము. ఒక యింటి పెరటి చుట్టు గదులు, గదికొక కుటుంబము, తలకొక భాష. తల్లిని, ఊరిని, ఊరి బావిని విడిచి వచ్చినవారి నగరమది. ఆ నగరమునను, నది కావలి యొడ్డుననున్న మాంటెవిడియోలోను, ఆఫ్రికా సంతతివారి డోళ్ల నడకలు, క్యూబా నుండి వచ్చిన హబనేరా లయ, పల్లెల మిలోంగా పాటలు కలిసి టాంగో పుట్టెను.

తొలినాళ్ల టాంగో మేళములలో వేణువు, ఫిడేలు, గిటారు వినవచ్చుచుండెను. నడక చురుకుగ నుండెను. 20వ శతాబ్ది మొదటి యేండ్లలో బాండోనియాన్ వచ్చి వేణువు చోటు నాక్రమించెను. దానితో టాంగో నడక మందగించి, నాదము బరువెక్కినది. నాట్యపు పాట యింటి బెంగ పాటగ మారినది. మొదట గొప్పయింటివారు టాంగోను చెంత చేరనీయలేదు. మహాయుద్ధమునకు ముందు పారిస్ నగరము దానిని మెచ్చుకొనిన పిమ్మట సొంత యూరి పెద్దలును తలుపులు తెరచిరి. పొరుగువారు పొగడినగాని యింటి పిల్ల గుణము తెలియని సంసారములు మనకు క్రొత్తవి కావు గదా! 2009లో యునెస్కో సంస్థ టాంగోను మానవాళి వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఇచ్చట నొక బాలిక కథ చెప్పక ముందునకు పోజాలను. 1900లో బ్యూనస్ ఎయిర్స్ నగరమున, స్పెయిన్ నుండి వలస వచ్చిన యొక కుటుంబమున ఫ్రాన్సిస్కా బెర్నార్దో జన్మించెను. అందరు నామెను పకీతా యని పిలిచిరి. ఇంటివారు పియానో నేర్చుకొనుమని యామెను పాఠమునకు పంపిరి. ఆ పాఠశాలలో నామె చెవిని బాండోనియాన్ పడెను. పియానో వెనుకబడెను, మనస్సంతయు నా పెట్టెపై నిలిచెను. తండ్రి సమ్మతింపలేదు. మోకాళ్లు ఎడము చేసి, ఒడిలో పెట్టెను తెరచి మూయుచు కూర్చుండుట ఆడుపిల్లకు తగదని యానాటి పెద్దల భావము. ఆమె పట్టు విడువలేదు. తుదకు తండ్రియే మెత్తబడెను. పెద్ద వాదకుల యొద్ద శుశ్రూష చేసి, 1921లో తన పేరిటనే యొక మేళమును కట్టి, కొర్రియెంతెస్ వీధిలోని దొమింగెజ్ కాఫీ శాలలో వాయించెను. ఆ మేళమున పియానో ముందు కూర్చున్నది పదునైదు పదునారేండ్ల ఓస్వాల్దో పుగ్లియేసే. తరువాతి కాలమున టాంగో లోకమంతయు తల వంచి నమస్కరించిన పేరది. వినవచ్చిన జనము వీథిలో క్రిక్కిరిసి బండ్లు కదలుట కష్టమయ్యెను.

పకీతా పాటలను గూడ కట్టెను. గొప్ప గాయకుడు కార్లోస్ గార్దెల్ అందు రెండింటిని గ్రామఫోను పలకలపై పాడెను. అయితే ఆమె వాయించిన వాద్యము మాత్ర మొక్క పలకపైనను ఎక్కలేదు. 1925లో, ఇరువది యైదేండ్లు నిండకుండనే ఆమె కన్ను మూసెను. ఆమె వ్రేళ్ల నుండి వెలువడిన నాదమెట్టిదో నేడు వినగలవా రెవ్వరును లేరు. పేరు నిలిచినది, ధ్వని పోయినది.

టాంగోకు జాజ్‌తో చుట్టరికము కలిపినవారిలో ముఖ్యుడు ఆస్తర్ పియజోల్లా. జాజ్ అనగా 20వ శతాబ్ది తొలినాళ్లలో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూ ఆర్లియన్స్ నగరమున నల్లజాతివారు పెంచిన సంగీతము. దాని ప్రాణము మనోధర్మము. పల్లవి నొకసారి పలికి, పిమ్మట వాదకుడు తన బుద్ధి కందినట్లు దానిని పెంచును. మన నెరవు, స్వరకల్పనలు తెలిసినవారికి నీ పద్ధతి సులువుగ బోధపడును. పియజోల్లా 1921లో అర్జెంటీనాలో పుట్టి, బాల్యమున న్యూయార్క్‌లో పెరిగెను. ఊరి మీద బెంగగొనిన తండ్రి కుదువ దుకాణమున నొక పాత బాండోనియాన్‌ను కొని కుమారుని చేతిలో పెట్టెను. పెద్దవాడై, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త కావలెనని 1954లో పారిస్ పోయి నాడియా బూలాంజే యను మహోపాధ్యాయినిని ఆశ్రయించెను. తాను కాఫీ శాలలలో టాంగో వాయించినవాడనని చెప్పుటకు సిగ్గుపడెను. ఆమె వాని రచనలన్నియు చూచి, ఇందు నీవు కనబడుట లేదని గ్రహించి, వాని సొంత టాంగోను వాయింపజేసి, నీ దారి యిదియే, దీనిని విడువవద్దని బోధించెను. తిరిగి వచ్చి 1955లో అష్టవాద్య మేళమును కట్టి, అందు విద్యుత్ గిటారును చేర్చి, జాజ్ వలె మనోధర్మమునకు చోటిచ్చెను. పాత టాంగో ప్రియులు మండిపడిరి. అయినను దారి పడినది.

ఆ దారిలో నడచియు, తన నడక తాను నడచినవాడు దీనో సలూజీ. రాజధానికి వేయి కిలోమీటర్లకు పైగా దూరమున, వాయవ్య కొండసీమయైన సాల్టా రాష్ట్రమున, కాంపో శాంతో అను పల్లెలో 1935లో నాతడు జన్మించెను. తండ్రి కయెతానో చెరకు మిల్లులో పని చేయుచు, తీరిక వేళల సంగీతము సాధించువాడు. చిన్ననాడే తండ్రి చేతి నుండి కొడుకు చేతికి బాండోనియాన్ వచ్చెను. యౌవనమున దీనో రాజధానికి పోయి రేడియో మేళమున వాయించెను. 1970 తరువాత జాజ్ వాదకుడు గాటో బార్బియెరీతో కలిసి వాయించెను. 1982 మొదలు ఐరోపాలోని యొక ధ్వనిముద్రణ సంస్థవారు వాని సంగీతమును ముద్రించి వెలువరించుటతో లోకమునకు పరిచితుడయ్యెను.

1996 జూన్‌లో నార్వే దేశపు ఓస్లో నగరమున నాతడు ముగ్గురి మేళముతో నొక ముద్రణ చేసెను. అది 1997లో 'సితే ద లా ముజీక్' అను పేర వెలువడినది. బాండోనియాన్ దీనో, గిటారు వాని కుమారుడు హోసే మరియా, డబుల్ బాస్ అమెరికావాడైన మార్క్ జాన్సన్. ఈ జాన్సన్, 1980లో మరణించిన ప్రసిద్ధ జాజ్ పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ కడపటి త్రయమున బాస్ వాయించినవాడు. ఒక ప్రక్క అర్జెంటీనా తండ్రి కొడుకులు, రెండవ ప్రక్క జాజ్ మడిలో పెరిగిన అమెరికావాడు. ఇదే విధముగ స్వీడన్ దేశస్థుడు పాలె డానియల్సన్ బాస్ వాయింపగా తండ్రి కొడుకులు చేసిన 'రెస్పాన్సోరియం' అను ముద్రణ 2003లో వచ్చినది.

ఈ త్రయమున డోలు లేదు, తాళపు పళ్లెములు లేవు, బాకాలు లేవు. జాజ్ అనగా గోలయని తలచువారికిది విస్మయము గొల్పును. మూడు వాద్యములే యేల చాలినవి? విచారించి చూచిన కారణము దొరకును. బాండోనియాన్ స్వరమును పట్టి యుంచగలదు. కాని హార్మోనియమువలె దాని స్వరములు కట్టుబడి యున్నవి, ఒకదానినుండి వేరొకదానికి జారుట సాధ్యము కాదు. గిటారు మీటిన క్షణముననే వాడిపోవును. కాని ఆ చిరుమీటులే కాలమును కొలిచి యిచ్చును. డబుల్ బాస్‌నకు మెట్లు లేవు. మన ఫిడేలువలె స్వరము నుండి స్వరమునకు జారగలదు, నేలవంటి మంద్రము నీయగలదు. ఒకదాని లోపము వేరొకటి తీర్చును. అత్త, కోడలు, ఆడపడుచు కలిసి వండిన వంటలో ఒకరి చేతి యుప్పు, ఒకరి చేతి పులుపు, ఒకరి చేతి కారము కలియునట్లు మూడును కలిసి యొక్క రుచి యగును.

మరి జారుట చేతకాని బాండోనియాన్ వినువారిచేత కన్నీరు పెట్టించుట యెట్లు? దాని మర్మము తిత్తిలో గలదు. వాదకుడు స్వరమును సన్నగ మొదలిడి, తిత్తిని మెల్లగ తెరచి, పెంచి, మరల సన్నగించును. ఒక్కొకచో గుండీ మీద వ్రేలుంచియే తిత్తిని నిలిపివేయును. అప్పుడు మాటాడుచు మాటాడుచు కంఠము పట్టుకొనిన మనిషివలె నుండును. గమకము లేనిచో ఊపిరి యున్నది. సలూజీ సంగీతమున నీ నిశ్శబ్దములకే పెద్దపీట.

ఆ ముద్రణలోని పాటల పేర్లు చూడుడు: 'ఇట లేనివాని మిలోంగా', 'నదియు తాతయు', కడపట 'నా చిన్ని దూరపు పల్లెకొక కోరాల్'. నడుమ 'నా హృదయమెట్లు పాడును' అను నర్థముగల జాజ్ పాట యొకటి గలదు. అది బిల్ ఎవాన్స్ వాయించినది. అన్నిటిలోను నా కడపటి పేరు నా మనస్సున నాటుకొన్నది. కోరాల్ అనగా జర్మనీ ప్రార్థన మందిరములలో నందరు గొంతు కలిపి పాడు కీర్తన. ప్రార్థన సమాజములలో మ్రోగిన పెట్టె ఓడనెక్కి, వలసవారి బెంగను నేర్చి, చెరకు మిల్లు పనివాని యింట పెరిగి, కడకు మరల కీర్తననే పలికినది. కాని యిప్పుడా కీర్తన జర్మనీ పల్లెకు గాదు, సాల్టా పల్లెకు.

వినదలచువారికి నొక సూచన. మొదటిసారి బాస్ నొక్కదానినే చెవితో వెంబడింపుడు. ఇంటి పునాది తెలియును. రెండవసారి గిటారును వినుడు. కుమారుడు తండ్రి మాట కడ్డురాక, విడిచిన సందులలో నెట్లు పలుకుచున్నాడో తెలియును. మూడవసారి బాండోనియాన్‌ను వినుడు. వంటయింటి చప్పుళ్ల నడుమ నీ సంగీతము పలుకదు. పిల్లలు నిదురించిన తరువాత, దీపము తగ్గించి వినవలెను.

ఇంతకు నీ కథ మనకేల యని యడుగుదురేమో. 1940 నుండి 1971 వరకు మన ఆకాశవాణిలో హార్మోనియమునకు ప్రవేశము లేకుండెను. అది గమకము పలుకదని విద్వాంసుల యాక్షేపణ. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని పరదేశపు పెట్టె యను నింద అందు కలియుట న్యాయము కాదు. ఫిడేలును పరదేశపుదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు మలచిరి; విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో నది తెలుగు బిడ్డ యయ్యెను. వాద్యమునకు పుట్టిన యూరు ముఖ్యము కాదు. దానికి మనము చెప్పుకొనిన సుఖదుఃఖములే దాని సొంత యూరు.

వాద్యమునకు ఆడు మగ భేదమును లేదు. మృదంగము ఆడుపిల్లకు తగదనెడి మాటను మన యిండ్లలోను వినుచుంటిమి. ఏలూరు బిడ్డ దండమూడి సుమతీ రామమోహనరావుగారు మృదంగమునే చేపట్టి, 2021లో పద్మశ్రీ బిరుదమునకు పాత్రులైరి. పకీతా తండ్రి మెత్తబడినట్లు మన తండ్రులును మెత్తబడవలెను. మీ బిడ్డ ఏ వాద్యము వంక చేయి చాచునో చూడుడు. ముందుగా మీకు నచ్చినదానిని తెచ్చి దాని ఒడిలో పెట్టకుడు.

మరియొక్క మాట. పకీతా వాయించిన నాదమును నిలుపువారు లేకపోయిరి. నేడు ధ్వనిని నిలుపుటకు కంపెనీవారి దయ యక్కరలేదు. చేతిలోని ఫోనే చాలును. మీ అత్తగారు పాడు లాలిపాట, మీ నాయనమ్మ తెల్లవారుజామున పాడుకొను మేలుకొలుపు, పెద్దమ్మ పెండ్లిండ్లలో పాడిన అప్పగింతల పాట యెందరి యిండ్లలో భద్రమైనవి? గొంతు వణకినను, చరణము మరచినను సిగ్గుపడవద్దనుడు. ఈ వారముననే ఆమె ప్రక్కన కూర్చుండి, ఒక్క పాట పాడించి పదిలపరుపుడు. పాట చివర ఆమె పేరును, పుట్టిన యూరి పేరును ఆమె నోటనే చెప్పింపుడు.